తెగిన పోగు

డిసెంబరు పొద్దుల్లో బెంగళూరు పక్కన హెబ్బగోడిలో మునివెంకటమ్మ మేడమీదికి మంచు దిగి కూర్చునేది. కింద రోడ్డు కనబడేది కాదు. కంపెనీ బస్సులు వట్టి హారన్ మోతలై వెళ్ళిపోయేవి. ఆ తెల్లదనంలో పరిచిన పదకొండు చాపలూ నీళ్ళమీద తేలుతున్నట్టు తోచేది పిల్లప్పకి.

పిల్లప్ప ఐదో తరగతితో బడి మాని, దొడ్డబళ్ళాపురం మరమగ్గాల దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళూ "ఒరేయ్" అన్న పిలుపే. ఆసనాలు కూడా అక్కడి మేస్త్రి నేర్పినవే. మగ్గాలు మూతబడ్డాక యోగా పాఠాలు చెప్పుకోడానికి ఈ మేడ దొరికింది. ఇక్కడే మొదటిసారి ఒకరు "గురువుగారూ" అన్నారు. ఆ మాట రుచి మరిగాడు.

రోజూ పాఠానికి ముందు "హింస వద్దు, అబద్ధం వద్దు, దొంగతనం వద్దు" అంటూ కండక్టరు స్టాపులు చదివినట్టు చదివేవాడు. ఆ వెంటనే, వంగనివాళ్ళ వీపు మీద చెయ్యి వేసి నొక్కేవాడు. తన వీపునీ లోకం అలాగే వంచింది, మెల్లగా అడిగినవాడెవడు?

మూడు వారాల కిందట, అందరూ వెళ్ళాక, ఇంకొంచెం వంగడం నేర్పమని నర్సు షారోన్ ఆగింది. "చాలు మాస్టారూ" అంటున్నా వినకుండా నొక్కాడు. అరచేతి కింద ఏదో చిటుక్కుమంది. మర్నాడు ఆమె రాలేదు. ఎందుకని మిగతావాళ్ళు అడిగితే, "ఆస్పత్రిలో పేషెంటుని ఎత్తిందంట, నడుం పట్టేసింది" అనేశాడు. మంచినీళ్ళంత తేలిగ్గా వచ్చింది ఆ మాట.

ఇవాళ షారోన్ నడుముకి బెల్టు కట్టుకుని వచ్చింది. చివర చాప పరుచుకుంది.

"ఏమమ్మా, ఏనుగునేమన్నా ఎత్తితివా?" అంది మునివెంకటమ్మ. "పేషెంటుని ఎత్తి ఇట్ల అయిందని గురువుగారు అంతా చెప్పినారులే."

షారోన్ పిల్లప్ప వైపు చూసింది. బెల్టు బిగించుకుంది.

"హింస వద్దు," మొదలుపెట్టాడు. రెండో స్టాపు దగ్గర బండి ఆగింది. గొంతు సవరించుకుని మూడోదానికి దూకాడు.

చివర్లో అందరినీ శవాసనంలో పడుకోబెట్టాడు. తను మాత్రం ఎన్నడూ పడుకోలేదు. మగ్గం వేగంతో అంకెలు లెక్కపెడుతూ తిరిగేవాడు. నిజం బయటపడితే ఈ మేడ ఉండదు, ఆ పిలుపూ ఉండదు. ఇవాళ తిరగడం ఆపాడు. నీళ్ళ ట్యాంకు పక్కన వెల్లకిలా ఒరిగాడు.

మంచు ముఖాన్ని తడిమింది. ఎక్కడో మగ్గాలు కదిలాయి. మంచు మొత్తం మగ్గం మీది పడుగై సాగింది, తెల్లని పోగులు, లెక్కలేనన్ని. వాటిలో ఒకటి తెగి ఉంది. ముడి వేయకపోతే చీర పొడుగునా సన్నని గీత పడుతూనే ఉంటుంది. పదహారేళ్ళ పిల్లప్ప దాన్ని చేత్తో కప్పాడు. చీర ఆగలేదు. మేడ దిగింది, బస్సుల మీదుగా పారింది, షారోన్ నడుముని చుట్టుకుంది. అంతటా అదే గీత. చనిపోయిన మేస్త్రి తిట్టలేదు. గీతమీద వేలు పెట్టి అడిగాడు: "ఎంతదూరం పోనిస్తావప్పా?"

కళ్ళు తెరిచాడు.

"షారోనమ్మ ఏ పేషెంటునీ ఎత్తలేదు," అన్నాడు. "నేనే నొక్కినా. చాలు చాలంటా ఉంటే నొక్కినా. మీకు అబద్ధం చెప్పినా."

ట్యాంకు నుంచి ఒక్కొక్క చుక్కే పడుతోంది.

"నీ చేతులు పడిపోను! నీ మాట నమ్మి వీధంతా చాటితినే అప్పా!" అంది మునివెంకటమ్మ.

ఫ్యాక్టరీలో పనిచేసే ఎబినేజర్ చాప చుట్టుకుని వెళ్ళిపోయాడు. అతని వెనక ఇంకో నలుగురు. మెట్లమీద ఎవరూ "వస్తాం గురువుగారూ" అనలేదు.

షారోన్ లేవలేదు. "డాక్టరుగారు ముందుకి వంగొద్దన్నారు మాస్టారూ. పడుకుని చేసేదేదైనా ఉంటే చెప్పండి. చెయ్యి మాత్రం వెయ్యకండి."

"నన్ను నమ్ముతావామ్మా?"

"ఇంకా లేదండి. చెప్పండి, చూద్దాం."

పిల్లప్ప దూరంగా కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. మోకాళ్ళు మడిచి పాదాలు నేలకి ఆనించమన్నాడు. ఊపిరి నెమ్మదిగా వదలమన్నాడు. "ఒకటి" అన్న లెక్క నాలుక చివరికి వచ్చింది. మింగేశాడు.

ఆమె ఊపిరి మంచులోకి వెళ్ళింది, ఇంకా వెళుతూనే ఉంది. మనిషి ఊపిరి ఇంత పొడుగుంటుందని అతనికి తెలియదు. కింద ఏదో బస్సు హారన్ మోగింది. పిల్లప్ప చేతులు కదపకుండా, ఆ ఊపిరి తిరిగి వచ్చేదాకా కూర్చున్నాడు.