గోల్‌పోస్టు వెనక నేల

కొలతల వాళ్ళు కొట్టిన ఇనుప మేకు సరిగ్గా అన్న గుండెల మీద దిగింది.

పెద్దక్క చూస్తూనే ఉంది. మిల్లు ఆవరణలో బంతులు కుట్టే షెడ్డు కిటికీకి ఎదురుగా బూడిద మైదానం, దాని చివర గోల్‌పోస్టు, పోస్టు వెనక ఇటుకలు పేర్చి హద్దు కట్టిన కాస్త నేల. సమ్మెట పట్టుకున్నవాడు ఆ ఇటుకల్ని కాలితో పక్కకు తోశాడు. అరచేతుల్లో ఉమ్ముకుని రెండో దెబ్బకు చేతులెత్తాడు. పెద్దక్క చేతిలో దబ్బనం అక్కడే పడేసి పరుగెత్తింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, కాళ్ళకు చెప్పులైనా వేసుకోలేదు.

“ఒరే నాయనా, ఆపరా! కింద మనుషులున్నార్రా!”

వాడు అదిరిపడి కిందకు చూశాడు. బూడిద తప్ప ఏం కనిపించలేదు.

“ఎక్కడమ్మా మనుషులు?”

వాడి తప్పేముంది? వాడు చదువుకున్న పాఠంలో ఆ మనుషులు లేరు.

ఆ పాఠం దేశంలో పలక పట్టిన ప్రతి పిల్లకీ కంఠతా వచ్చు. దొరల పాలన రోజుల్లో మిల్లు కూలీలు ఉత్త కాళ్ళతో బరిలోకి దిగి, బూట్లు తొడుక్కున్న దొరల పటాలాన్ని ఒక్క గోలు తేడాతో ఓడించారు. మనమూ మనుషులమేనని జనానికి నమ్మకం చిక్కింది ఆ సాయంత్రమే. జాతి పుట్టిన రోజు అది. పాఠం అక్కడితో అయిపోతుంది.

తర్వాత జరిగింది ఏ పంతులూ చెప్పడు. గోలు కాసినవాడు పెద్దక్క అన్న. ‘గోడ’ అని పిలిచేవాళ్ళు. గెలిచిన జనం అతన్ని భుజాలకెత్తుకుని, పాడుకుంటూ మిల్లు గేటు దాకా పోయారు. గేటు మూసి ఉంది. మిల్లు యజమాని కబురందుకుని వచ్చిన పటాలం తుపాకులు ఎత్తింది. భుజాల మీద ఉన్నవాడు అందరికంటే ఎత్తున ఉంటాడు కదా, మొదట అతనే కూలాడు. అతని వెనక ఇంకా కొందరు. ఊళ్ళోకి దారులన్నీ మూసేస్తే, జనం ఆ శవాలను మైదానం చివరికే మోసుకొచ్చి, బాయిలర్ బూడిద తవ్వి పూడ్చిపెట్టారు. పెద్దక్క అప్పటికి అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్ల.

దొరలు పోయారు. యజమాని కొడుకు తెల్లారేసరికి దేశభక్తుడై కూర్చున్నాడు. ఇప్పుడు ఆ గెలుపుకు యాభై ఏళ్ళ ఉత్సవం చేస్తున్నది ఆయనే, మైదానంలో స్టేడియం కడుతున్నదీ ఆయనే. గెలిచిన జట్టుకు విగ్రహాలు చేయించి, ఉత్త కాళ్ళతో ఆడినవాళ్ళకు బూట్లు తొడిగించాడు. విగ్రహాలు మొత్తం పదే. గోలు కాసేవాడు లేకుండా ఏ జట్టు ఆడుతుందని ఆయన్ని అడిగే మొనగాడు లేడు. పెద్ద మనుషులు కూర్చునే మేడ మాత్రం గోల్‌పోస్టు వెనక లేవబోతోంది.

షెడ్డు ఆడవాళ్ళంతా మేనేజరు దగ్గరికి వెళ్ళారు. ఆ కాస్త నేల వదిలి మేడ కట్టుకోమన్నారు. చచ్చినవాళ్ళ పేర్లు ఒక రాయి మీద చెక్కించమన్నారు. అంతకుమించి ఒక్క ముక్క అడగలేదు.

“చావులా? కాగితాల్లో ఎక్కడా లేవే!” మేనేజరు నవ్వాడు. “దేశమంతా సంబరంలో ఉంటే మీరు శవాలు తవ్వుతారేంటమ్మా?”

ఆ సాయంత్రం నీళ్ళ కుళాయి దగ్గర మీటింగు పెట్టుకున్నారు. బాయిలర్ తాత వచ్చాడు, నూలుకు రంగులద్దే రంగుల ఖాతా కుర్రాళ్ళు వచ్చారు. ఒకళ్ళ మాట ఒకళ్ళు విననివ్వలేదు.

“ఆ ఆటే లేకపోతే మనకు దేశమనే మాటే లేదే,” అన్నాడు బాయిలర్ తాత. ఆ రోజు చెట్టెక్కి ఆట చూసినవాడతను. “దానికి అడ్డం పడితే ద్రోహులంటారు మనల్ని.”

“ఎవరంటారు? కాల్పించినవాడి కొడుకా?” మిరపకాయ్ లేచి నిలబడింది. షెడ్డులో అందరికంటే చిన్నది, నోరు మాత్రం అందరికంటే పెద్దది. ఆ పేరు ఊరికే రాలేదు.

పెద్దక్క అంతసేపూ ఊరుకుని, ఇక ఉండబట్టలేక అంది. “ఆట మనది కాదని నేనన్నానా, తాతా? గెలుపు దేశానిదంట. చావులు మనవంట. గెలిచినవాళ్ళని పట్టుకెళ్ళి, చచ్చినవాళ్ళని మన గుమ్మంలో పడేసిపోతే ఎట్లా? తీసుకుంటే అందర్నీ తీసుకోమను.”

తాత తలొంచుకున్నాడు. “సరేనమ్మా, ఏం చేద్దామో చెప్పు,” అన్నాడు.

ఏం చేయాలో పెద్దక్కకు తెలుసు. ఉత్సవం ఆటకు ఈ షెడ్డు బంతే వాడతామని, ఈ నేల బిడ్డలు కుట్టిన బంతిని మంత్రిగారు తన్నుతారని యజమాని ఊరూరా చాటింపు వేయించాడు. బజారు బంతి తెస్తే ఆయన పరువు గంగలో కలుస్తుంది. బంతికి చివరి కుట్టును మూతికుట్టు అంటారు. అప్పటిదాకా లోపలి వైపు నుంచి కుట్టి, తోలును తిరగేసి, రబ్బరు తిత్తి లోపల పెట్టాక, మిగిలిన చీలికను బయట నుంచి మూయాలి. ముడి లోపలికి జారిపోవాలి. కళ్ళకు అందని పని, వేళ్ళే చూసుకోవాలి. ఆ కుట్టు వేయడం షెడ్డులో అందరికీ నేర్పింది పెద్దక్కే.

“పని ఆపొద్దు. ఆపితే గేటు బయటికి నెడతారు. కుడదాం. మూతి మాత్రం మూయొద్దు,” అంది.

అలాగే చేశారు. బుట్టల నిండా బంతులు పేరుకున్నాయి, అన్నీ నోళ్ళు తెరుచుకుని. మేస్త్రి తిట్టాడు, కూలి ఆపాడు, బతిమాలాడు, చివరికి ఏడుపు మొహం పెట్టాడు. ఆడవాళ్ళు తలలెత్తలేదు. రంగుల ఖాతా వాళ్ళు కిటికీ దగ్గరికి వచ్చి చూసి, ఈల వేసి పోతున్నారు. ఎన్నాళ్ళకో షెడ్డులో నవ్వులు వినిపించాయి.

ఆటకు ముందు రోజు ఆ పొరపాటు జరిగింది. కిటికీ బయట నేల తవ్వే యంత్రం గోల్‌పోస్టు వెనక్కి వచ్చి ఆగింది. పెద్దక్క కళ్ళు దాని మీదే ఉన్నాయి. అన్న తనను భుజాన కూర్చోబెట్టుకుని ఆ పోస్టును తాకించిన రోజు గుర్తొచ్చి గుండె చెరువైంది. కళ్ళ పని కళ్ళు చేస్తున్నాయి, చేతుల పని చేతులు చేసుకుపోయాయి. నలభై ఏళ్ళ అలవాటు. తేరుకుని చూసుకునేసరికి ఒళ్ళో బంతి మూతి మూసుకుని ఉంది. ముడి లోపలికి జారిపోయింది.

విప్పబోయేలోపే మేస్త్రి గద్దలా తన్నుకుపోయాడు. ఒక ఆటకు ఒక్క బంతి చాలు.

“అయిపోయిందా, పెద్దక్కా?” మిరపకాయ్ మొహం జేవురించింది. “అందరం కడుపు మాడ్చుకుని నీ వెంట నడిస్తే, నువ్వే అమ్ముకున్నావా?”

“చేతులే కుట్టుకుపోయాయే, తల్లీ! నాకు తెలీలేదే!”

“తెలీలేదంట! విన్నారా?”

ఆ రోజు పెద్దక్క పక్కన కూర్చుని ఎవరూ అన్నం తినలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు. దోషి కాని మనిషికి ఆ వెలి ఎంత నరకమో పడ్డవాళ్ళకే తెలుసు.

మర్నాడు యజమాని మరో ముచ్చట పడ్డాడు. బంతి కుట్టిన చేతులే మంత్రిగారికి బంతి అందించాలట. పెద్దక్కకు కొత్త చీర కట్టించి వేదిక ఎక్కించారు. మైదానం కిక్కిరిసిపోయింది. ఒక వైపు షెడ్డు ఆడవాళ్ళు. ఆమెను చూడగానే మొహాలు తిప్పుకున్నారు. మిరపకాయ్ మాత్రం రెప్ప వేయకుండా చూసింది. ఆ చూపు ఆమెకు మేకులా దిగింది.

బంతి చేతికి వచ్చింది. మంత్రి చేతులు చాచాడు. పెద్దక్క ఇవ్వలేదు. బొడ్లోంచి దారం తెంపే కత్తి తీసింది.

“ఈ కుట్టు నాదే,” అంది మైకులో. “పొరపాటున వేశాను. విప్పుకుంటున్నాను.”

కుట్టు తెగింది. కత్తి మొన తగిలి తిత్తి బుస్సుమంది. మైకు ఆ చప్పుడును మైదానమంతా వినిపించింది.

“మా అన్న ఆ పోస్టు వెనక ఉన్నాడు. ఆయనతోపాటు కూలినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని తొక్కి ఎవరూ ఆడొద్దు!”

మైకు లాగేశారు. ఆమెను మెట్ల మీద నుంచి కిందకు తోశారు. అప్పటికే మిరపకాయ్ కంచె దూకింది. ఆమె వెనక షెడ్డు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక రంగుల ఖాతా, కర్ర పోటేసుకుంటూ బాయిలర్ తాత. ఆడటానికి వచ్చిన రెండు జట్లూ నివ్వెరపోయి నిలబడ్డాయి. జనం పోస్టు వెనక్కి పోయి బూడిదలో కూర్చున్నారు. పెద్దక్కను లేపి, మధ్యన కూర్చోబెట్టుకున్నారు. పోలీసులు లేవమన్నారు. లేవలేదు. లాఠీలు లేచాయి.

పెద్దక్క తల మీద పడాల్సిన దెబ్బ అది. మిరపకాయ్ మీదపడి కాచుకుంది.

ఆస్పత్రి వరండాలో, మంచమైనా దొరక్క నేల మీదే, పిల్ల తల పెద్దక్క ఒళ్ళో ఉంది. పాడు నోరు అప్పుడు కూడా ఊరుకోలేదు.

“నీ కుట్టు మహా గట్టిదక్కా... విప్పేసరికి నా ప్రాణం పోయిందనుకో.”

“మాట్లాడకే, నా తల్లీ.”

“అమ్ముకున్నావన్నాను... మనసులో పెట్టుకోకు.”

డాక్టరు వచ్చేసరికి పెద్దక్క ఆ కళ్ళు మూసేసింది. అన్న పోయినప్పుడు ఏడవడానికి అమ్మ కొంగు ఉండేది. ఇప్పుడు తనే పెద్దది, తన కొంగు పట్టుకునే వాళ్ళు చుట్టూ ఉన్నారు. అయినా గుండెలు బాదుకుని ఏడ్చింది.

పిల్ల తల్లి ఏడవలేదు. “నా బిడ్డని పోస్టు వెనకే పెట్టండి,” అంది. అంతే.

తెల్లవారి మిల్లు జనమంతా వచ్చారు. యంత్రం నడిపేవాడు తాళం జేబులో వేసుకుని కిందకు దిగాడు. ఎవరూ అడక్కుండానే పార అందుకుని వాడూ తవ్వాడు. మట్టి కప్పడం అయ్యాక మేనేజరు వచ్చాడు. ఈసారి నవ్వలేదు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మా, అయ్యగారు పెద్ద మనసు చేసుకున్నారు. మీ అన్నగారికి రాయి వేయిస్తారు. గోలు కాసే విగ్రహం కూడా పెట్టిస్తారు. ఈ పిల్లని మాత్రం... కేసులవీ ఉన్నాయి కదా... వేరేచోటికి మార్చండి.”

యాభై ఏళ్ళుగా పెద్దక్కా, వాళ్ళమ్మా ఎదురుచూసిన మాట అది. అమ్మ వినకుండానే పోయింది. పెద్దక్క మట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది.

“మా అన్న కోసం అడిగాం, నిజమే. అది మొన్నటి మాట. అప్పుడు మీరిస్తే పుచ్చుకునేవాళ్ళం, దణ్ణం కూడా పెట్టేవాళ్ళం. ఇవాళ మేం ఏమీ అడగడం లేదు బాబూ. ఈ నేల మాది. మీ అయ్యగారికి మేడ కావాలంటే, ఆయన్నే ఇక్కడికి వచ్చి మమ్మల్ని అడగమను.”

మొదటి షిఫ్టు సైరన్ మోగింది. ఒక్కళ్ళూ లేవలేదు. కాసేపు ఆగి మళ్ళీ మోగింది. బాయిలర్ తాత కర్ర పక్కన పెట్టి, బూడిదలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.