ఒక రోజు వెనకబడిన కిటికీ

ఎండాకాలం సెలవులు రాగానే డ్రైవింగ్ టీచరమ్మ చేసే మొదటి పని తన డ్రైవింగ్ స్కూలుకి తాళం వేయడం. రెండో పని, ఏడాది పొడుగునా ఇంటి పక్కన టార్పాలిన్ కప్పుకుని పడుకునే క్యాంపర్ వ్యాన్‌ని నిద్ర లేపి కడగడం. తల్లీ కూతుళ్ళిద్దరూ సబ్బు బకెట్టూ, నీళ్ళ గొట్టమూ పట్టుకుని పొద్దున్నే దాని మీద పడేవారు. సగం నీళ్ళు వ్యాన్ మీద, సగం ఒకరి మీద ఒకరు. మధ్యలో మూడు వేసవులు ఆ పని మానేశారు. ఈ ఏడు మళ్ళీ గొట్టం బయటికొచ్చింది.

ఆ వ్యాన్ ఒకప్పుడు బ్రెడ్డు పంచే బండి. టీచరమ్మ భర్త వడ్రంగి. పాత ఇనుము కింద పోవాల్సిన దాన్ని కొనుక్కొచ్చి, లోపల మడత మంచాలు, అలమరలు, వెనక మెట్టు కింద సామాన్ల పెట్టె, ఆ పెట్టెకి చెక్క గొళ్ళెం, అన్నీ తన చేత్తోనే చేశాడు. ఎక్కడా ఒక్క మేకు తల కనబడదు. వెనక వైపు రేకు కోసి ఒక కిటికీ కూడా బిగించాడు.

ఆ కిటికీ ఒక రోజు వెనక నడుస్తుంది. అందులోంచి చూస్తే ఇప్పుడు బయట ఉన్నది కాదు, నిన్న ఈ వేళకి ఉన్నది కనబడుతుంది. అద్దం అమ్మినాయన్ని అడిగితే, "కొన్ని అద్దాలు అంతేనండీ, కాస్త నిదానం. కావాలంటే మార్చిస్తాను" అన్నాడట. ఎందుకులెమ్మని వడ్రంగి ఊరుకున్నాడు. నిజానికి అదీ ఒకందుకు మంచిదే అయింది. గొడుగు పోయినా, చెప్పు పోయినా ఆ కిటికీ దగ్గర కూర్చుంటే చాలు, నిన్న ఎక్కడ మర్చిపోయారో దొరికిపోయేది. నడిపేటప్పుడే టీచరమ్మకి చిక్కు. లోపలి అద్దంలోకి చూస్తే నిన్న వెనక వచ్చిన లారీ కనబడి, లేని లారీకి దారి ఇవ్వబోయేది. అందుకని ఆ అద్దాన్ని పైకప్పు వైపు తిప్పేసి, పక్క అద్దాలతోనే లాగించేది. అదే అద్దం చూడటం లేదని శిష్యుల్ని ఎన్ని చీవాట్లు పెట్టిందో మాత్రం అడక్కూడదు.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం వడ్రంగి పొద్దంతా ఆ వ్యాన్ దగ్గరే పని చేసి, సాయంత్రం కాళ్ళు కడుక్కొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. మర్నాడు ఇంటినిండా జనం. కూతురు మాత్రం వ్యాన్‌లోకి వెళ్ళి కిటికీ ముందు కూర్చుంది. అవతల నాన్న మెట్టుకి గరుకు కాగితం పడుతున్నాడు. మధ్యలో గట్టిగా తుమ్మాడు. చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుని, అటూ ఇటూ చూసి, తనలో తనే నవ్వుకున్నాడు. పొద్దు వాలి ఆయన ఇంట్లోకి వెళ్ళిపోయేదాకా ఆ పిల్ల అక్కణ్ణించి కదల్లేదు. రమ్మని ఎవరూ పిలవలేదు కూడా. ఎవరికీ దొరకని ఒక్క రోజు తనకి దొరికిందని ఆ అమ్మాయికి ఈనాటికీ కృతజ్ఞతే. ఆయన వెళ్ళిపోయాక కిటికీకి కర్టెన్ లాగేసింది. ఇక తీయలేదు.

ఇప్పుడు పళ్ళ డాక్టరు సంగతి చెప్పాలి. యాభై దాటాక కారు నేర్చుకుందామని టీచరమ్మ దగ్గర చేరాడు. రివర్స్ గేరు పేరెత్తితే చాలు, మనిషికి చెమటలు పట్టేవి. చివరికి కారు వల్ల కాదని మోటార్ సైకిలుకే స్థిరపడ్డాడు గానీ, క్లాసులు మాత్రం మానలేదు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఏదైనా అడిగినా జవాబు కోసం ఆగడు. ఎదుటివాళ్ళ నోట్లో పరికరాలు పెట్టి కుశల ప్రశ్నలు వేసే వృత్తి కదా, అలా అలవాటైపోయింది. "ఏమ్మా, బావున్నావా" అనేసి కూతురు నోరు తెరిచేలోపు వెళ్ళిపోయేవాడు. ఆ పిల్లకి ఒళ్ళు మండేది.

ప్రయాణానికి ముందు టీచరమ్మ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నమాట చెప్పింది. "ఆయన పెళ్ళి చేసుకుందామంటున్నారే. నాకు ఇష్టమే. కానీ నీకు ఇష్టం లేకపోతే వద్దని చెప్పేస్తాను. నీ మీద కోపమేమీ ఉండదు. ఆయన కూడా మనతో కొండలకి వస్తారు. ఇంటికి తిరిగొచ్చేలోపు నీ మాట చెప్పు."

కూతురు చిన్నపిల్లేం కాదు, బళ్ళో ఆటల టీచరు. ఆమె మాట ఎప్పుడో తయారుగా ఉంది. వద్దు. తల్లి ముఖం చూస్తే ఊరికే వద్దనడానికి నోరు రాలేదు గానీ, పట్టుకోవడానికి తప్పు ఒక్కటి దొరికితే చాలనుకుంది.

ముందు క్యాంపర్, వెనకాల మోటార్ సైకిలు. కొండ ఎక్కబోయే ముందు పెట్రోలు కోసం ఆగినప్పుడు కూతురు దిగి చూస్తే, డాక్టరు వెనక మెట్టు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవరు. గొళ్ళెం కేసే చూస్తున్నాడు.

"అది మా నాన్న చేసింది" అంది కూతురు. "మా నాన్న చేసినవి ఏవీ మీరు ముట్టుకోకండి."

డాక్టరు సరేనని స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని లేచాడు.  పౌరుషం కూడా లేదు ఈ మనిషికి అనుకుంది కూతురు.

కొండలు మాత్రం ఎంత చూసినా తనివి తీరేవి కావు. ఒక మలుపు తిరిగితే లోయ నిండా మబ్బులు. ఇంకో మలుపు తిరిగితే ఎండ, ఆ ఎండలో రోడ్డుకి అడ్డంగా పారే సన్నటి నీటి పాయ. టీచరమ్మ స్టీరింగ్ పట్టుకుని కూనిరాగాలు తీసేది. ఆవిడ అలా పాడి ఎన్నాళ్ళయిందో. అది వింటే కూతురికి సంతోషమూ వేసేది, ఆ వెంటనే నాన్న గుర్తొచ్చేవాడు.

ఎక్కడ ఆగినా మోటార్ సైకిలు ఆలస్యం. వీళ్ళు టీ తాగి, ఫోటోలు దిగి, కాళ్ళు సాచుకున్నాక ఎప్పటికో వచ్చేది, సీటు మీద ఏవేవో మూటలు కట్టుకుని. బట్టలూ, పరుపు చుట్టలూ అనుకునేవారు. నత్తకి చక్రాలు పెడితే ఈయనకంటే ముందొస్తుందని కూతురు దెప్పేది. జాగ్రత్తపరుడులేవే అని తల్లి వెనకేసుకొచ్చేది. రెండో రోజు సాయంత్రం ఆయన కుంటుకుంటూ వచ్చాడు. ఏమైందని టీచరమ్మ అడిగితే, కూర్చుని కూర్చుని కాలు పట్టేసిందన్నాడు. కూర్చోవడం కూడా చేతకాదు కాబోలని కూతురు పైకే అంది.

ఆ సాయంత్రమే ఇంకోటి కనిపెట్టింది. సామాన్ల పెట్టె తెరిస్తే కెటిల్‌కి సొట్ట. గిన్నెల నిండా దుమ్ము. అన్నిటికంటే, చిన్నప్పుడు నాన్న తన కోసం చేసిచ్చిన బుల్లి స్టూలు ఒక పక్కంతా బురద. తల్లీ తనూ వంట హడావుడిలో ఉన్నప్పుడు డాక్టరు ఆ పెట్టె దగ్గర వంగి ఏదో సర్దడం తన కళ్ళతో చూసింది. ఇంకేం కావాలి? ముట్టుకోవద్దన్నవన్నీ కెలుకుతున్నాడన్నమాట. ఊరికే అంటే అమ్మ నమ్మదు. ఏ వేళకి ఏం కెలికాడో కిటికీలో చూసి, అమ్మని కూడా పిలిచి చూపించాలి.

మర్నాడు పొద్దున వ్యాన్ కదిలాక కూతురు వెనక్కి వెళ్ళి, మూడేళ్ళ తర్వాత కర్టెన్ తీసింది.

నిన్నటి ఘాట్ రోడ్డు వెనక్కి పరుగెడుతోంది. కాస్త దూరంలో డాక్టరు వస్తున్నాడు. వ్యాన్ ఒక మలుపు తిరిగింది. ఉన్నట్టుండి కిటికీ కింద నుంచి కెటిల్ ఊడిపడి రోడ్డు మీద దొర్లింది. దాని వెనకే ఒక గిన్నె. డాక్టరు బండి ఆపి, స్టాండు వేసి, నడుం వంచుకుని పరుగెత్తాడు. ఎదురొస్తున్న లారీని చెయ్యెత్తి ఆపి, గిన్నె ఏరుకుని, లారీ అతనికి దండం పెట్టాడు. అంతలో మలుపు అడ్డొచ్చి మనిషి కనబడలేదు. తర్వాత చాలాసేపు ఖాళీ రోడ్డు. మళ్ళీ కనబడినప్పుడు గిన్నెలూ కెటిలూ బండికి వేలాడదీసుకుని, సామాన్లు అమ్ముకునేవాడిలా వస్తున్నాడు. ఇంకో మలుపు. ఈసారి దుప్పటి పడింది. మళ్ళీ ఆగాడు. దులిపి మడతపెట్టాడు.

కూతురు కిటికీకి ముఖం ఆనించి కూర్చుండిపోయింది. నిన్నటి వాన మొదలైంది. వానలో పెట్టెలోంచి స్టూలు పడింది. పడి, దొర్లి, రోడ్డు పక్క పిట్టగోడ సందులోంచి లోయలోకి జారింది. పోతే పోయిందని వదిలేయొచ్చు. అదేమంత ఖరీదు చేస్తుంది? ఎవరడిగొచ్చారు? డాక్టరు బండి దిగి, ఆ యాభై దాటిన మనిషి, పిట్టగోడ ఎక్కి అవతలికి దిగడం కనబడింది. మలుపు వచ్చేసింది.

ఆ ఖాళీ రోడ్డుని చూస్తూ ఆమె దేవుడా దేవుడా అనుకుంది. అది నిన్నటి సంగతనీ, మనిషి ఈ పూట వెనకాలే క్షేమంగా వస్తున్నాడనీ తెలిసి కూడా అనుకుంది. చివరికి మోటార్ సైకిలు కనబడింది. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగిపోయి ఉంది. స్టూలుని తన రెయిన్ కోటులో చుట్టి వెనక సీటుకి కట్టుకున్నాడు. తను మాత్రం నిలువునా తడుస్తున్నాడు.

పైన కొండ కొమ్ము దగ్గర వ్యాన్ ఆగింది. టీచరమ్మ లోయ చూడటానికి ముందుకి వెళ్ళింది. కూతురు వెళ్ళలేదు, రోడ్డు మీద నిలబడింది. ఎప్పటికో డాక్టరు వచ్చాడు. సీటు మీద మూట ఉండనే ఉంది.

"గొళ్ళెం వదులైపోయిందని నాకెందుకు చెప్పలేదండీ?"

డాక్టరు హెల్మెట్టు తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "ముట్టుకోవద్దన్నావు కదమ్మా."

"వద్దంటే మాత్రం, రోజంతా ఏరుకుంటూ వస్తారా?"

"మా దగ్గరికొచ్చేవాళ్ళు ఈ పన్ను ముట్టుకోకండి డాక్టరు గారూ అంటారు. నేను ముట్టుకోను. నొప్పి ఎక్కడుందో నాకంటే వాళ్ళకే బాగా తెలుసు" అన్నాడాయన. "పోనీ చెప్దామా అంటే, మీ నాన్నగారి పని పాడైందని నా నోటితో అనాలి. అనబుద్ధి కాలేదు. ఎంత మంచి పనో తెలుసా అది. ఎండకి చెక్క ఎండింది, అంతే. ఆయన తప్పేమీ లేదు."

ఆమెకి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. నిన్న కూర్చోవడం చేతకాదన్నందుకు క్షమించమంది. ఏ మాటో ఆయనకి గుర్తే లేదన్నాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. తర్వాత, "బిగించండి" అంది కూతురు. ఆయన చెక్క ముక్కొకటి చీల్చి సందులో పెడుతుంటే, తను మూత పట్టుకుంది. బాగుపడిన గొళ్ళేన్ని ఇద్దరూ చెరోసారి లాగి చూశారు.

టీచరమ్మ తిరిగొచ్చేసరికి కూతురు స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది. ఆ వ్యాన్‌ని ఆవిడ ఇంతవరకూ ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇదేం వేషమే అంది.

"కొండ దిగేదాకా నేను నడుపుతాను. నువ్వు వెళ్ళి వెనక కిటికీ దగ్గర కూర్చో. నాకు ఇష్టమేనమ్మా, నిండు మనసుతో చెబుతున్నాను. కానీ నువ్వు కూడా ఒకసారి చూడు."

తల్లి కూతురి ముఖం కేసి ఒకసారి చూసింది. వెనక్కి వెళ్ళి కూర్చుంది. కూతురు క్లచ్ మెల్లిగా వదిలి, నేర్పినట్టే పక్క అద్దం చూసుకుని, బండిని రోడ్డు మీదికి తీసింది. కాసేపటికి వెనక నుంచి తల్లి నవ్వు వినబడింది.  ఆ తర్వాత ముక్కు చీదిన చప్పుడు.

"బండి కాస్త పక్కకి ఆపవే" అంది టీచరమ్మ.

కూతురు ఆపింది. తల్లి తలుపు తీసుకుని దిగి, వెనకాల ఆగిన మోటార్ సైకిలు వైపు గబగబా నడిచింది. పక్క అద్దంలో చూస్తే అంతా కనబడుతుంది. కూతురు చూడలేదు, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని లోయలోని ఎండని చూస్తూ కూర్చుంది. తొందరేముంది, రేపు ఈ వేళకి వెనక కిటికీలో తీరిగ్గా చూసుకోవచ్చు.