కప్పు అడుగున అంకె

ఆయమ్మ బాత్రూమ్ కుళాయికి తాళం వేసి, ఖాళీ కప్పు తిరగేసి, అడుగున నల్ల పెన్నుతో ఇరవై ఏడు అని రాసింది. అలా రాయమని ఎవరూ చెప్పలేదు. పందొమ్మిదేళ్ళుగా అదామె చాదస్తం. సైనిక అకాడమీలో సీటు కోసం పరుగులూ పరీక్షలూ గట్టెక్కిన ఆడపిల్లలు చివరికి ఈ గదికి రావాల్సిందే. మూత్రంలో మత్తుమందు ఆనవాలు కనబడిందా, ఇక జన్మలో సీటు లేదు. వాళ్ళు నీళ్ళు కలపకుండా కప్పు నింపేదాకా ఆయమ్మ ఎదురుగా నిలబడి చూడాలి. మోకాళ్ళు వాచినా కూర్చోకూడదు.

ఇరవై ఏడో నంబరు పిల్ల బక్కపలచగా ఉంది. సిగ్గుతో బిగుసుకుపోయింది.

"రావట్లేదు ఆయమ్మా."

"నాకు మాత్రం చూడాలని సరదానా తల్లీ? గోడకేసి చూస్తూ పదమూడో ఎక్కం చెప్పుకో. ఆ కష్టంలో ఈ కష్టం మర్చిపోతావు."

పిల్ల ఫక్కున నవ్వింది. ఎక్కం సగంలో పని అయిపోయింది. వాళ్ళ నాన్న లారీ నడుపుతాడట. మూడేళ్ళుగా పొద్దున్నే కూతురితోపాటు ఆయనా పరిగెత్తాడట.

కొత్తగా వచ్చిన మెడికల్ ఆఫీసరుకు అన్నిటికీ తొందరే. నంబరు స్టిక్కర్లు కప్పుకు కాదు, మూతకు అంటించమన్నాడు. "మూతలు మారిపోతే ఎలా సార్?" అని ఆయమ్మ పొద్దున్నే అడిగింది. "నువ్వా నాకు చెప్పేది?" అన్నాడు. ల్యాబులో ఒకేసారి ఎనిమిది మూతలు తీసి వరసగా పెట్టారు.

మధ్యాహ్నం లిస్టు గోడకెక్కింది. ఇరవై ఏడు, తిరస్కరణ. ఆయమ్మ గబగబా ల్యాబులోకెళ్ళి ఆ నంబరు మూత ఉన్న కప్పు ఎత్తి చూసింది. అడుగున తన రాతలో ముప్పై నాలుగు. ముప్పై నాలుగో మూత ఉన్న కప్పు అడుగున ఇరవై ఏడు.

రెండూ మూతలతోనే తీసుకెళ్ళి ఆఫీసరు బల్ల మీద బోర్లించింది.

"మూతలు మారాయి సార్. నా మాట నమ్మొద్దు, ఇద్దరికీ మళ్ళీ పరీక్ష చేయించండి."

"అడుగున రాయమని ఏ రూల్లో ఉంది?" ఆయన కప్పుల వైపు చూడలేదు. "లిస్టు పైకి వెళ్ళిపోయింది. ఒక్కటి తప్పంటే ఇవాళ్టివన్నీ తప్పంటారు."

ఆయమ్మకు ఒళ్ళు మండిపోయింది. తల కాస్త వంచి చూస్తే చాలు కదా! ఓ ఆడపిల్ల బతుకు కోసం ఆ మాత్రం కూడా చెయ్యడా ఈ పెద్దమనిషి?

"ఆ పిల్ల మత్తుమందు తిన్నదని నలుగురూ చెప్పుకుంటారు సార్. ఒక్కసారి చూస్తే మీ సొమ్మేం పోయింది?"

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"రేపటిదాకా ఎందుకు సార్!"

కుళాయి తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికొచ్చింది. వరండా బెంచీ మీద పిల్ల మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడుస్తోంది. ఆయమ్మ పక్కన చతికిలబడింది. ఆ గది ముందు ఆమె కూర్చోవడం అదే మొదలు.

"ఏడుపాపు తల్లీ. కాగితం తియ్యి. జరిగింది చెబుతాను, రాసుకో, కింద సంతకం పెడతాను. మీ నాన్నను తీసుకుని పై ఆఫీసుకు పోదాం."

లోపల ఆఫీసరు కప్పుల మీద ఓ ఫైలు కప్పి టీకి లేచాడు. ఫైలు రెండింటికీ చాలలేదు. దాని అంచు పక్కన, బోర్లించిన కప్పు అడుగున ఇరవై ఏడు నల్లగా కనబడుతూనే ఉంది.