ఐదో ఆకు

మామిడి కొత్తల పండుగనాడు మా ఇంట్లో పోయినవాళ్లకు అన్నం పెట్టడానికి నాలుగు మోదుగాకులు వేస్తాం. మామ తల్లిదండ్రులకు రెండు, చిన్నప్పుడే పోయిన ఆయన అన్నకు ఒకటి, పేర్లు మరిచిపోయిన వాళ్లందరికీ కలిపి ఒకటి. ఈ ఏడు ఐదో ఆకు వేయాలని మా అత్త సోనుబాయి పట్టుపట్టింది. వేస్తే ఊరుకోనని నేను.

ఐదో ఆకు నా భర్త విలాస్‌కి. పోయిన శ్రావణంలో జింగనూరు దగ్గర బండి మీద వాగు దాటుతూ కొట్టుకుపోయాడు. మూడు రోజులు వెతికితే బండి దొరికింది, మనిషి దొరకలేదు. దొరకని మనిషిని పోయాడని ఎలా అంటారు? ఆయనకు ఈత వచ్చు. ఎక్కడో ఒడ్డెక్కి ఏ ఊళ్లోనో జబ్బుతో పడి ఉండవచ్చు. ఈ మాట వరి కోతల్లో అన్నాను, ఇప్పపువ్వు ఏరేటప్పుడూ అన్నాను. మొదట్లో అందరూ తలూపేవాళ్లు. ఇప్పుడు వినకుండా పని చూసుకుంటారు. వాళ్ల మీద నాకు మహా మంట. ఆయన ఫోనుకు ఇప్పటికీ చేస్తాను. మాది మరాఠీ సరిహద్దు, బంద్ ఉందని ఒక ఆడమనిషి మరాఠీలోనే చెబుతుంది. ఆమె మీద కూడా మంటే.

మా ఇంట్లో ఒక నమ్మకం ఉంది. పోయినవాడికి ఆకు వేయకపోతే ఏడాదంతా ఆకలితో ఇంటి చుట్టూ తిరుగుతాడు. బతికున్నవాడికి వేస్తే వాడి ఆయువు తరిగిపోతుంది. అందుకే ఒక్క మనిషి కోసం అత్తా నేనూ ఆస్తికి కొట్టుకునే పాలోళ్లలా తయారయ్యాం.

పండుగ కానిదే మామిడికాయ నోట పెట్టకూడదు. ఊళ్లో అందరి ఇళ్లలో అయిపోయింది, మాదే మిగిలింది. ఆరేళ్ల నా కూతురు నేహా పక్కింటి పిల్లలు ఉప్పూకారం అద్దుకుని తింటుంటే చూసొచ్చి, "మనకెప్పుడే అమ్మా?" అని ప్రాణం తీస్తోంది. మబ్బులు కూడా పట్టాయి. తొలి వాన పడితే ఇక పండుగ చేయరు. మామ ఈరయ్య ఇంక ఆగలేకపోయాడు.

"రేపు పొద్దుగాల చేసుడే," అన్నాడు.

పొద్దున్నే అలికిన చోట కూర్చుని ఆకులు పరిచాడు. నాలుగు. ఐదోది చేతిలోనే ఉంది.

"ఎయ్యి," అంది అత్త.

"ఎయ్యకు మామా. బతికున్న మనిషికి ఆకు ఎట్లేస్తవు?"

"యాడున్నడో జూపియ్యి," అంది అత్త. "నా కొడుకు తిండి లేక తిరుగుతుండు. ఆనికింత బువ్వ పెట్టనిస్తలేవు నువ్వు."

"కన్నతల్లివి. సచ్చిండని అననీకి నీకు నోరెట్లొస్తుంది అత్తా?"

అత్త అన్నం గిన్నె, గరిటె అందుకుంది. మామ మా ఇద్దరినీ చూడకుండా ఐదో ఆకును నేల మీద పెట్టాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వేసిన ఆకు తీస్తే ఇంటికి అరిష్టమంటారు. అయితే కానీ అని, తీసి పారేద్దామని లేచాను. అప్పటికే అత్త వడ్డిస్తూ వస్తోంది. అన్నం, పక్కన మామిడి ముక్కలు. నాలుగు ఆకులూ అయ్యాయి. ఐదో ఆకు ముందు కూర్చుంది. గరిటె నిండా అన్నం ఉంది, వేయడం లేదు.

"ఎయ్యే," అన్నాడు మామ.

"చెయ్యి వస్తలేదయ్యా," అంది. "ఒకవేళ బతికుంటే?"

అది నా మాట. తొమ్మిది నెలలు నేను అన్న మాట. అత్త నోట అది వినగానే ఆమె మీద జాలి కలిగింది. చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు ఆమెకు నచ్చజెప్పాలనిపించింది. ఏమని నచ్చజెప్పాలి? అప్పుడు గుర్తొచ్చింది. ఎసట్లో ఆయన వంతు బియ్యం పోయడం నేను ఇప్పపువ్వు రోజుల్లోనే మానేశాను. ఎవరూ మానమనలేదు. నోటితో ఊరంతటితో పోట్లాడుతూనే ఉన్నాను, చేతులు మాత్రం కొలత తగ్గించేశాయి.

వెళ్లి అత్త పక్కన కూర్చున్నాను. ఆమె చేతిలోంచి గరిటె తీసుకుని ఐదో ఆకులో అన్నం పెట్టాను. మామిడి ముక్కలు వేశాను. ఆయనకు ఉప్పు ఎక్కువ ఉండాలి. మళ్లీ ఒక చిటికెడు వేశాను. ఏడుపు ఆగలేదు, నేను ఆపుకోనూ లేదు. అత్త నా కొంగు గట్టిగా పట్టుకుంది.

నేహా వచ్చి నా వీపుకు ఆనుకుని నిలబడింది.

"ఇగ తినొచ్చా అమ్మా?"

"మీ నాయిన తిన్నంక, బిడ్డా."