ఒక్కచోట లేని ఖాళీ

మావయ్య వర్క్‌షాపులో తయారయ్యేది గుండె స్కానింగు మెషీను ఒక్కటే. దాన్ని ఊళ్లోని పెద్దాసుపత్రి కొంటే వర్క్‌షాపు నిలుస్తుంది, లేకపోతే తలుపులు మూసుకోవడమే. మెషీనును నడిపే సాఫ్ట్‌వేరుకు మూలమైన కెర్నెల్ రాసింది మేనకోడలు. లోపల ఎవరికెంత మెమరీ ఇవ్వాలో తేల్చే పెద్దమనిషి ఆ కెర్నెల్. ఒక్కసారి అడిగితే ఇంతకు మించి ఇవ్వనని దానికో హద్దుంటుంది. గుండె బొమ్మ ఆ హద్దులో ఇమడకపోయేసరికి ఆమె హద్దునే పెంచేసింది. ప్రతి పరీక్షకీ ముందు, పిల్లకు మొహం కడిగి బడికి పంపినట్టు, మెషీనును ఆపి మళ్లీ వెలిగించేది. అది ఏనాడూ మొరాయించలేదు.

ఈరోజు ఆసుపత్రి ఇంజనీరు పొద్దున్నే వచ్చి మెషీనును తన పద్ధతిలో నడిపించాడు. మధ్యలో ఆపనివ్వలేదు.

"మా దగ్గర ఎవరు ఆపుతారమ్మా?"

మధ్యాహ్నానికి తెర నల్లబడింది.

"మెమరీ అయిపోయిందా అమ్మడూ?" మావయ్య గొంతు తగ్గించి అడిగాడు.

"లేదు మావయ్యా. సగానికి పైగా ఖాళీయే."

"ఖాళీ పెట్టుకుని ఇవ్వదేమే? అంత పిసినారిదా?"

"ఆపకుండా నడిపేసరికి ఖాళీ అంతా ముక్కలు ముక్కలుగా చెదిరిపోయింది. బొమ్మకి ఒక్కచోటే కావాలి."

"ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టుకోను తావు లేదన్నమాట," అన్నాడు ఇంజనీరు. ఆ మాటలో ఎగతాళి లేదు. అందుకే ఆమెకు మరీ భయం వేసింది. అడిగే హద్దు పెంచింది గానీ, ఇవ్వడానికి చోటు ఎక్కణ్ణుంచి వస్తుందో ఆలోచించలేదు.

"మెషీను వెలగగానే ఆ చోటు విడిగా తీసి పెట్టేస్తాను సార్. సాయంత్రానికి అయిపోతుంది."

"అవుతుందమ్మా, నమ్ముతాను. కానీ ఇందాక బల్ల మీద మనిషుంటే నేనేం చెప్పుకోవాలి? ఇంకొకళ్ల మెషీను కూడా చూశాం. అది ఆగలేదు. దాన్నే తీసుకుంటాం."

సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మావయ్య గుమ్మం దాకా సాగనంపి వచ్చి, ఆమె ముందు టీ గ్లాసు పెట్టాడు. తిట్టినా బాగుండేది.

ఆమె కూర్చుని ఆ మార్పు రాసింది. మర్నాడంతా మెషీనును ఆపకుండా నడిపింది. పరీక్షకు పెట్టిన రబ్బరు గుండె తెర మీద కొట్టుకుంటూనే ఉంది.

"ఇక ఆగదా?" మావయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఆగదు మావయ్యా."

ఆయన తెర మీది దుమ్ము తువ్వాలుతో తుడిచాడు.

"బాగా చేశావే."

తర్వాత బల్ల కింద వంగి ప్లగ్గు పీకి, తీగ చుట్టడం మొదలుపెట్టాడు.

"ఆ అట్టపెట్టె ఇలా అందుకో."