గాదెలో నిలవని సరుకు

1959లో ఏలూరి కాలేజీ వాణిజ్యశాస్త్ర సామ్రాజ్యాన్ని ఏలుతున్న జగ్గారావు మాస్టారు ఒక మహాయజ్ఞం తలపెట్టారు. అమెరికా పుస్తకం ప్రకారం విద్యార్థులు నాలుగు జట్లుగా వ్యాపారం నడపాలి. పావుగంటకు మూడు నెలలు గడిచినట్టు. ఎంత సరుకు ఏ ధరకు అమ్ముతారో చీటీ రాసిస్తే, ఫలితం ఎలక్ట్రానిక్ మెదడు తేల్చాలి. ఆ మెదడు కృష్ణా గోదావరుల నడుమ దొరకదు గనుక, మాస్టారు ఒక ఆఫీసును బతిమాలి, చేత్తో తిప్పే లెక్కల యంత్రాన్ని ఉత్సవ విగ్రహమంత పదిలంగా జట్కాలో వేంచేయించారు.

"సాయంత్రంలోగా గెలిచినవారు తేలాలి. తేలకపోతే వచ్చే ఏడు మళ్లీ నల్లబల్లే, జగ్గారావు గారూ," అంటూ ప్రిన్సిపాలు గారు వెనక బెంచీలో ఆసీనులయ్యారు.

సరుకు ధాన్యం. తొలి చీటీలు నాలుగింటిలోనూ అమ్మకం సున్న. యంత్రం సున్నను సున్నతో హెచ్చించి, గంట కొట్టి మరీ సున్న అని చాటింది. రెండో విడతా అంతే.

"ఇదేమిటయ్యా ముత్యాలరాజూ?" అని మాస్టారు మొదటి జట్టు నాయకుణ్ణి నిలదీశారు.

"కోతలప్పుడే ఎవరమ్ముతారండీ? ఆషాఢం దాకా గాదె తెరవకూడదంటారండి మా నాన్నగారు," అన్నాడు ఆ అత్తిలి రైతుబిడ్డ. తక్కిన మూడు జట్ల నాన్నగార్లదీ అదే సిద్ధాంతం.

మాస్టారు పుస్తకం తిరగేశారు. అందులో నాన్నగార్ల ప్రస్తావన లేదు. ప్రిన్సిపాలు గారు గడియారం చూసుకున్నారు.

హాస్టలుకు చేపలు తెచ్చే మండవల్లి సూరమ్మ, మెస్సు సెక్రటరీ ముత్యాలరాజు కోసం వరండాలో గంప దించుకుని ఇదంతా వింటోంది.

"మేష్టారండీ, ఆళ్ల చేతికి వడ్లిత్తే ఇంతేనండి. సేపలివ్వండి. ఆషాఢం దాకా ఎలా దాత్తారో నేనూ సూత్తాను!"

మాస్టారికి జ్ఞానోదయమైంది. "పొద్దుగూకితే ధర ఎంత పడుతుందమ్మా?" అని శిష్యుడిలా అడిగారు.

"సగానికండి. తెల్లారితే ఊరికే ఇత్తానన్నా ఎవరూ పట్టుకెళ్లరు."

సరుకు చేపలైంది, పావుగంటకు మూడు నెలలన్నది ఒక్క పూటైంది. క్షణంలో తరగతి సంతగా మారి, యంత్రం పిడి తిప్పి తిప్పి మాస్టారి భుజం వాచింది. ముత్యాలరాజు ఒక్కడే ధర కోసం బిగబట్టాడు. సూరమ్మ వచ్చి అతని బెంచీ పక్కన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"నావి కొర్రమేనులు, సూరమ్మా! బతికే ఉంటాయి."

"నీళ్లు పోశారా మరి, బాబూ?"

ప్రిన్సిపాలు గారు కూడా నవ్వారు. నాలుగున్నరకు, చేపలన్నీ పూటకు పూట అమ్మేసిన పెంటపాడు కుర్రాళ్ల జట్టు గెలిచింది. వచ్చే ఏటికి అనుమతి కాగితం అక్కడే తయారైంది. 'కావలసినవి' అన్నచోట మాస్టారు మొదట సూరమ్మ పేరు రాసి, దాని కింద, దొరికితే, యంత్రమని రాశారు.