పక్కింటి గిన్నెలో మంచి ముక్కలు

మా ప్రిన్సీ సైకాలజీ ఎం.ఏ.లో చేరినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ ఊరికే తుమ్మడానికి వీల్లేదు. తుమ్మితే దానికో కారణం ఉంటుంది. ఆ కారణం చిన్నతనంలో ఉంటుంది. చిన్నతనంలో జరిగిన దానికంతా తల్లే బాధ్యురాలు. మా ఆయన సెబాస్టియన్ వరసగా రెండుసార్లు గొడుగు రైల్లో మరిచిపోయి వస్తే, "నాన్నకు ఆ ఉద్యోగం లోలోపల ఇష్టం లేదు" అని తేల్చేసింది. మా ఊరి బంగారు గనులు మూసేశాక కొన్నేళ్ళు పనిలేక ఉండి, ఇప్పుడు ఆయన బెంగళూరులో ఒక అపార్ట్‌మెంటుకు సెక్యూరిటీ. తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి, రాత్రికి దిగే మనిషికి ఆ ఉద్యోగం ఇష్టం లేదని కనిపెట్టడానికి ఎం.ఏ. చదవాలా?

సరే, ఆయన్ని ఏమన్నా పరవాలేదు. నా జోలికి వచ్చింది, అక్కడే తగాదా మొదలైంది.

మాది గని పనివాళ్ళకు కట్టించిన లైను ఇళ్ళు. మాకూ పక్కింటి మునిలక్ష్మమ్మకూ మధ్య ఒకటే గోడ. ఆమె అంగన్‌వాడీ టీచరు. మొగుడు నంజుండప్ప గనులు మూసేసిన మరుసటి ఏడే ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. అప్పటి నుంచీ నేను ఏ కూర వండినా ముందు ఒక గిన్నె ఆమెకు వెళ్తుంది. లైనులో అందరూ "ఎస్తరమ్మ మనసే మనసు" అంటారు. అనిపించుకోవడం నాకూ బాగానే ఉండేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి ఉర్లగడ్డ దుంపలు వేసి మటన్ వండాను. గిన్నెలోకి తీస్తుంటే ప్రిన్సీ పక్కనే నిలబడి చూస్తోంది.

"అమ్మా, నీకు పక్కింటి చిన్నమ్మ మీద కోపం" అంది.

"కూర పంపిస్తా ఉంటే కోపమేందే?"

అప్పుడు పాఠం మొదలుపెట్టింది. మనసులో ముగ్గురుంటారట. ఒకడు అది కావాలి, ఇది కావాలి అని మారాం చేస్తాడు. ఇంకొకరు అలా అనుకోవడమే తప్పని గద్దిస్తారు. మూడో మనిషి ఇద్దరి మధ్యా నలిగిపోతూ ఎలాగో నెట్టుకొస్తుంది. ఇందులో వింతేముంది, పిల్లోడు, అత్త, కోడలు, ప్రతి ఇంట్లోనూ ఉండేదే కదా అన్నాను. ప్రిన్సీ కాసేపు ఆలోచించి, పరీక్షలో అలాగే రాయొచ్చు అంది.

"పిల్లోడికి ఎవరి మీదో కోపం వస్తాది. అత్త ఒప్పుకోదు. అప్పుడు కోడలు ఆ కోపాన్నే తిరగేసి మంచితనంగా వడ్డిస్తాది. గుర్తు ఏమంటే, ఆ మంచితనం రవ్వంత ఎక్కువుంటాది. నీ చేతిని చూడు."

చూశాను. గరిటె మూలగ ఉన్న ఎముక కోసం గిన్నె అడుగంతా వెతుకుతోంది. కట్టుకున్నవాడికి ఉర్లగడ్డలు మిగిలాయి. నాకు ఒళ్ళు మండి, ఫీజు కట్టినందుకు నాకే బుద్ధి చెప్తావా అని ప్రిన్సీని తిట్టాను. తిట్టినంత సేపూ అది ఏదో కనిపెట్టినట్టు తల ఊపుతూనే ఉంది.

ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. లోపల కోపం పెట్టుకుని పైకి కూర పంపడం దొంగతనమే కదా అనిపించింది. నాకు దొంగతనాలు గిట్టవు. మరునాటి నుంచి గిన్నె పంపడం మానేశాను.

మానేశాక హాయిగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. కొళాయి దగ్గర మునిలక్ష్మమ్మ పలకరిస్తే మొహం తిప్పుకుని బిందె వైపు చూసేదాన్ని. ప్రిన్సీ పుట్టినప్పుడు నా నొప్పులకు తోడు కూర్చుంది ఆమే. నా వాళ్ళంతా బెంగళూరుకు వెళ్ళిపోయాక ఈ లైనులో నాకు మిగిలిందీ ఆమే. ఇన్నేళ్ళ స్నేహం నా వైపు నుంచి ఒట్టి నటన అయితే, ఇక నాకంటూ ఎవరున్నారు? భయమేసింది.

కోపానికి కారణం నాకు తెలియనిది కాదు. ఆ అంగన్‌వాడీ పోస్టుకు అప్పట్లో ఇద్దరం అర్జీ పెట్టాం. ఆమె అర్జీ రాసిచ్చింది కూడా నేనే. మొగుడు లేనివాళ్ళకు ముందు ఇవ్వాలన్నారు, ఆమెకు ఇచ్చారు. న్యాయమే. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి మీద ఎవరైనా కోపం పెట్టుకుంటారా? నేను పెట్టుకోలేదు. కూర పంపాను.

అయితే దాని కింద ఇంకొకటి ఉంది. అది చర్చిలో దేవుడికి కూడా చెప్పలేదు. ఆయనకు ఎలాగూ తెలుసు, నా నోటితో వినడం ఎందుకులే అని ఊరుకున్నాను.

వారం గడిచాక మునిలక్ష్మమ్మే వచ్చి మా గడప మీద కూర్చుంది.

"ఏందక్కా, వాసనొస్తా ఉండాది, గిన్నె రాలేదు. నా మీద కోపం పోయిందా ఏంది?"

"కోపం యాడిది?" అన్నాను.

"నా కాడ దాచేదేముందిలే. నీకు కోపమొచ్చిన దినం మంచి ముక్కలన్నీ నా గిన్నెలోనే ఉంటాయి. కులాసాగా ఉన్న దినం ఉర్లగడ్డలేస్తావు."

"తెలిసీ తిన్నావా?"

"మూలగెముక పెడితే ఎవురన్నా వద్దంటారా? ఆ పోస్టు సంగతి నాకు తెలుసులే అక్కా."

నేనూ గడప మీద కూలబడ్డాను. నవ్వే ధైర్యం లేకపోయింది. "పోస్టు ఒకటే కాదు లక్ష్మీ" అన్నాను. చెప్పేశాను. ఆమెకు ఆర్డరు వచ్చిన రోజు ఇంటికొచ్చి చూస్తే, పనిలేక మధ్యాహ్నం పూట పడుకున్న సెబాస్టియన్ కనిపించాడు. ఈ మనిషి బతికి ఉన్నందుకే కదా నాకు రాలేదు అనుకున్నాను. ఒక్క క్షణమే. ఆ క్షణాన్ని ఇన్నేళ్ళుగా గిన్నెల్లో పెట్టి ఆమె ఇంటికి పంపుతున్నాను.

మునిలక్ష్మమ్మ కొంగు సర్దుకుంది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళిపోతే ఏం చెయ్యాలో కూడా తోచలేదు.

"నేనూ ఒకటి చెప్తా విను" అంది చివరికి. "పొద్దున్నే సెబాస్టియన్ అన్న 'ఎస్తరూ, టీ' అని అరుస్తాడు చూడు. ఆ అరుపు గోడవతలకి బాగా వినబడతాది. నంజుండప్ప పోయిన కాడి నుంచీ అది వింటే నాకు కడుపు మండతాది. రేడియో గట్టిగా పెట్టుకుంటా. జీతం నాకొచ్చింది, అరుపు నీకుండిపోయింది. పెద్ద లాభమంతా నువ్వే కొట్టేసినావని ఇన్నేండ్లూ నాకూ నీ మీద కోపమే."

"నాకు ఎప్పుడూ తెలియలేదే."

"పండగ పండగకీ అన్నన్ని ఒబ్బట్లు, అంతంత నెయ్యి పోసి, సుమ్నే, ఊరికే పంపినాననుకుంటివా?"

ముందు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆమెకు. నవ్వుతూనే ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. లోపలి నుంచి ప్రిన్సీ తొంగి చూసి, "ఏమయింది?" అంది. చదువుకో పో అన్నాను.

"మరి అడగలేదేం లక్ష్మీ, ఇన్నేండ్లు?"

"అడిగితే నువ్వు లేదంటావు. ఇంగ సిగ్గుపడి రాకపోకలు మానేస్తావు. కోపం ఉంటే ఉండనీలే అక్కా, నువ్వు లేకుండా నేనేం జేసేది?"

మర్నాడు చీకటి ఉండగానే సెబాస్టియన్ లేచాడు. మొహం కడుక్కుని, టీ అడగడానికి నోరు తెరిచాడు. అప్పటికే గ్లాసు ఆయన చేతిలో పెట్టేశాను. ఎన్నడూ లేనిది ఏమిటని వింతగా చూశాడు. గోడవతల రేడియో ఇంకా మోగలేదు. ఆ అరుపు వినబడకుండా ఆమెను పడుకోనిద్దామనుకుని, తాగి బయల్దేరు అని సైగ చేశాను. ఆ రోజు నుంచి ఆయన అడగకముందే టీ ఇచ్చేస్తున్నాను.